నేను రాయని రేవు మెట్లు

మాది కోనసీమలో ఒక అగ్రహారం. అరుగుల మీద మగపిల్లలు వేదం వల్లించేవాళ్ళు. ఆడపిల్లను కనుక నాకు ఓనమాలు కూడా చెప్పలేదు. యాభై దాటాక, కువైట్ వచ్చి మంగఫ్‌లో మన వాళ్ళ మెస్సులో వంటకు చేరాకే అక్షరాలు వచ్చాయి. నేర్పింది మా ఊరి పేట మనిషి. ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని ఆమెది. చిన్నప్పుడు చర్చి బడిలో చదువుకుంది. ఇద్దరిదీ ఒకే గది.

ఆమె కాగితం మీద అక్షరం రాసి, నేల మీద పెట్టి వెనక్కి జరిగేది. అప్పుడు నేను తీసుకునేదాన్ని. పేటవాళ్ళ చేతి నుంచి మేము ఏదీ నేరుగా అందుకోం. ఇంత దూరం వచ్చినా ఆ మడి వదల్లేదు నేను. ఆమె నవ్వేది.

"ఆయ్, విమానంలో మన సీట్లు పక్కపక్కన పడితే ఏం చేద్దురండి?"

కువైట్‌లోనే బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఉండే మా ఊరి మగవాళ్ళు ఊరి చరిత్ర పుస్తకం వేస్తామని, పెద్దదాన్నని నన్నూ రాయమన్నారు. నాలుగు పేజీలు. నా మొదటి రాత. ఆమె ఒక్కటే అడిగింది.

"అగ్రహారం రేవు మెట్లు మా తాతలు కట్టారండి. పడవలోంచి రాళ్ళు నెత్తిన మోసుకొచ్చారంటండి. ఒక్క ముక్క రాయండమ్మగారూ."

"సర్లేవే, రాస్తాను" అన్నాను.

రాయలేదు. రాస్తే, కట్టినవాళ్ళను ఆ రేవులో ఎందుకు దిగనివ్వలేదో కూడా రాయాలి. కర్ర పుచ్చుకుని అక్కడ నిలబడింది మా నాన్నే.

ఒక శుక్రవారం అందరం కూడినప్పుడు నా రాత చదివారు. ఆమె మంచి చీర కట్టుకొచ్చి, తన ముక్క ఎప్పుడొస్తుందా అని తలుపు దగ్గర కూర్చుంది. చదవడం అయిపోయింది. చప్పట్లు కొట్టారు.

"ఈ వయసులో ఎవరు నేర్పారు బామ్మగారూ?" అన్నారెవరో.

"నేనే నేర్చుకున్నాను" అన్నాను.

తిరిగొచ్చే బస్సులో ఆమె మెల్లగా అంది. "మెట్లు రాలేదండి."

"చోటు చాల్లేదే."

"మీ ఆవకాయ జాడీలకి అరపేజీ చాలిందండి."

మర్నాడు మామూలుగానే పెన్సిలు తీసుకుని పాఠానికి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇన్నేళ్ళకు రాస్తున్నాను. మా రేవు మెట్లు కట్టింది పేటవాళ్ళు. కట్టాక వాళ్ళ ఆడవాళ్ళు ఒడ్డునే నిలబడి నీళ్ళడిగేవాళ్ళు. బిందె తగలకుండా పైనుంచి వంపినవాళ్ళలో నేనూ ఒకతిని.