కొచ్చి టూర్ లిస్టులో రాయని పేరు

పద్నాలుగేళ్ళుగా ఒక పేరు మోస్తున్నాను. నా పేరు కాదు, మంజులది. రాయాల్సిన చోట రాయకుండా వదిలేసిన పేరు. ఈ సంగతి ఇన్నేళ్ళూ మా అమ్మకి కూడా చెప్పలేదు. మీకెందుకు చెప్తున్నానంటే మీరు నా ముఖం చూడలేరు గనక. ఇదేదో ధైర్యం అనుకోకండి.

ఇద్దరం యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ. మా వాళ్ళది బందరు. నాన్న ఉద్యోగం కోసం వచ్చి నల్లకుంటలో స్థిరపడ్డాం, నేను ఇంటి నుంచే క్లాసులకి వచ్చిపోయేదాన్ని. మంజులది సిద్దిపేట వైపు పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. లేడీస్ హాస్టల్లో ఉండేది. మొదటి ఏడాదంతా క్లాసులో నా పక్కన కూర్చున్నది తనొక్కతే. మధ్యాహ్నం నన్ను అడక్కుండానే నా టిఫిన్ డబ్బా మూత తీసి, పప్పులో పులుపు ఎక్కువైందని వంకపెట్టి మరీ తినేది. అలా వంకపెట్టే మనిషి ఒకరుండటం నాకెంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు.

రెండో ఏడాది స్టడీ టూర్ కొచ్చికి అన్నారు. మంజుల అప్పటికి సముద్రమే చూడలేదు. లైబ్రరీలో కూర్చుని ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివి, ఏ రోజు ఏం చూడాలో ప్లానంతా తనే వేసింది. పోర్చుగీసువాళ్ళ చర్చి, డచ్చివాళ్ళ సమాధులు, యూదుల వీధి, ఒడ్డునుంచి నీళ్ళలోకి దించే పెద్ద పెద్ద చీనా వలలు. మా మేడమ్ ఆ ప్లాన్ క్లాసులో చదివి వినిపించారు. అంతే, ఆ రోజు నుంచి మంజుల చుట్టూ హాస్టల్ అమ్మాయిలే. రైల్లో ఎవరి పక్కన ఎవరు, గదిలో ఎవరితో ఎవరు, అన్నీ వాళ్ళలో వాళ్ళే అనేసుకున్నారు. నన్నెవరూ అడగలేదు. మంజులా అడగలేదు.

పేర్ల లిస్టు రాసే పని మాత్రం నాకొచ్చింది, చేతిరాత బాగుంటుందని. రైలు కన్సెషన్ కోసం వచ్చేవాళ్ళ పేర్లూ వయసులూ నేను రాసిస్తే, ఆఫీసులో టైపు చేసి, హెడ్ సంతకం, స్టాంపు వేయించి స్టేషన్‌లో ఇస్తారు. ఇచ్చాక ఇంకో పేరు చేర్చరు, విడిగా పూర్తి టికెట్ కొనుక్కునే స్తోమత మంజులకి లేదు. ఇది నాకు బాగా తెలుసు.

మంజుల పేరు దగ్గర పెన్ను ఆగింది. మరిచిపోయానని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో! అబద్ధం. ఆగాను, ఆలోచించాను, తర్వాతి పేరు రాశాను. నా ఆలోచన ఏమిటంటే, చెప్పడానికి సిగ్గేస్తోంది, తను ఆగిపోతే "నువ్వు లేకుండా నేనెందుకు" అని నేనూ ఆగిపోతాను. అందరూ వెళ్ళిపోయాక ఆ వారమంతా ఖాళీ క్యాంపస్‌లో మేమిద్దరమే. సాయంత్రాలు తార్నాక దాకా నడిచి మిర్చి బజ్జీలు తిని వస్తాం. మంజుల మళ్ళీ నా మంజుల అయిపోతుంది. చదువుకున్న మనిషికి రావలసిన బుద్ధేనా ఇది?

రెండు రోజులకి కాలేజీ మెట్ల మీద నన్ను పట్టుకుంది.

"లిస్టుల నా పేరు లేదంటున్నరు. నువ్వు రాసినవ్ గదా?"

"రాశానే. టైపు చేసేటప్పుడు ఆఫీసులో ఎగిరిపోయినట్టుంది."

"మల్ల కలుపరా?"

"స్టేషన్‌లో ఇచ్చేశారట. ఇక కుదరదు."

నా చెయ్యి పట్టుకుని, "పోనీ తియ్. సముద్రం ఏడికి పోతది? నువ్వు మంచిగ చూసొచ్చి నాకు చెప్పు," అంది.

"నేనూ వెళ్ళను" అనాలి అప్పుడు. ఇంట్లో అద్దం ముందు అనుకుని మరీ వచ్చిన మాట అది. సరే అన్నాను. వెళ్ళాను.

తిరిగొచ్చాక తను ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి అడుగుతుంటే, "ఏముందే అక్కడ, ఉక్కపోతా చేపల కంపూ" అన్నాను. తన బాధ తగ్గిద్దామని అన్నానని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. క్యాంపస్‌లో పొద్దున లేస్తే ఊరేగింపులు. బందరు పిల్ల సిద్దిపేట పిల్ల పేరు కొట్టేసిందని తెలిస్తే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా? అందుకే నోరు కుట్టేసుకున్నాను. నా కారణం అది కాదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పిల్ల గొడవ చెయ్యదు, తన తరఫున వచ్చి అడిగేవాళ్ళు లేరు అన్న ధీమా నాకెక్కణ్ణుంచి వచ్చింది? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకుంటాను.

ఇప్పుడు తార్నాకలో ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మెట్రో దిగి, కూరగాయలు కొనుక్కుని, తాళం తీసుకుని లోపలికి వస్తాను. నా ఫోన్ మోగిందంటే అమ్మ అయినా అయుండాలి, మంజుల అయినా అయుండాలి. తను సిద్దిపేటలో సర్కారు బడి టీచర్. మొన్నమొన్నటి దాకా ఒక్క ఆదివారం కూడా నాకు ఫోన్ చెయ్యకుండా ఉండలేదు.

పోయిన నెల చేసినప్పుడు, దసరా సెలవుల్లో కొచ్చికి ఇద్దరికీ టికెట్లు బుక్ చేశానంది. ప్లాన్ నన్నే వెయ్యమంది, నేను చూసినదాన్ని గనక. "నువ్వు ఏం లేదన్నవని ఇన్నేండ్లు పోలేదే," అని నవ్వింది.

ప్లాన్ వేద్దామని మూడు వారాలు కూర్చున్నాను. చర్చి అని రాస్తాను, కొట్టేస్తాను. పోయిన ఆదివారం నేనే ఫోన్ చేసి చెప్పేశాను. లిస్టు సంగతి, అద్దం సంగతి, అంతా. నీతో ఉండాలని అలా చేశానని కూడా చెప్పాను. అంతా విని మంజుల అంది:

"నాతోని ఉండనీకె నా పేరు ఇడిసిపెట్టినవ్. సరే. మరి నువ్వెందుకు పోయినవ్?"

స్టవ్ మీద పాలున్నాయన్నాను. తనే ఫోన్ పెట్టేసింది. ఈ ఆదివారం ఫోన్ రాలేదు. టికెట్లు రద్దు చేసిందో లేదో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

వారం రోజులుగా ఆ ప్రశ్నే. జవాబు తెలియక కాదు. ఆ రోజు మెట్ల మీద నుంచి మంజుల దిగి వెళ్ళిన పది నిమిషాలకే హాస్టల్ అమ్మాయిలు వచ్చి, "మంజుల ఎట్లాగూ రాదంట, నువ్వు మాతోని కూసో" అన్నారు. ఎంత సంతోషమేసిందో నాకు. రైల్లో వాళ్ళ మధ్య కూర్చున్నాను. వాళ్ళతో పాటలు పాడాను. వాళ్ళ గదిలో పడుకున్నాను. ఆ వారంలో ఒక్కసారి కూడా నాకు మంజుల లేని లోటు తెలియలేదు. అంటే నాకు కావలసింది మంజుల కాదు, మంజుల కూర్చునే చోటు. ఆ మాట తనకింకా చెప్పలేదు. ముందు మీకే చెప్పాను. చెప్పాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అదీ సిగ్గుగానే ఉంది.