మా ఊరివాళ్ళు వెతికిన సబ్‌మెరైన్

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది మా ఆడపడుచు. కాపురం పాయకరావుపేటలో. నెలకోసారి నర్సీపట్నం బస్సెక్కి మమ్మల్ని చూడ్డానికి వచ్చేది. ఆ రోజు కాళ్ళయినా కడుక్కోకుండా వంటింటి గడపలో కూలబడింది.

"వదినా, ఇన్నావా? మా సముద్రంలో సబ్‌మెరైన్ ఉందట."

"ఉంటే ఉండనీ. కాఫీ కలపనా?"

"అదేటి, అలాగంటావు? యుద్ధంలోదట. పల్లెవాళ్ళ వలలన్నీ దానికే తగులుకుని చిరిగిపోతన్నాయట."

డెబ్భై ఒకటి యుద్ధం అయిపోయి అప్పటికి ఆరేడేళ్ళు. విశాఖ దగ్గర ఒక సబ్‌మెరైన్ మునిగిందని అందరికీ తెలుసు. దానికి జోడీగా ఇంకొకటి వచ్చిందనీ, అది దెబ్బ తిని ఇటు కిందికి వచ్చి మా వైపు ఎక్కడో మునిగిందనీ ఒక పుకారు ఉండేది. ఆ పుకారుకి ఇప్పుడు చిరిగిన వలలు తోడయ్యాయి.

రాత్రి అన్నం వడ్డిస్తూ ఈ ముక్క మా ఆయనతో అన్నాను. ఊరికే, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని. తర్వాత జరిగినదాంట్లో నా వంతు పాపం అక్కడ మొదలైంది.

మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. మంచివారే, కానీ పెద్దవాళ్ళ ఎదట నిలబడితే ఆయనకి వెన్నెముక ఉన్నట్టు అనిపించేది కాదు. తెల్లారగానే వెళ్ళి ప్రెసిడెంటు గారికి చెప్పేశారు. ఏ సంఘానికి ప్రెసిడెంటు అని అడక్కండి. మా ఊళ్ళో ఏ సంఘం పెట్టినా ఆయనే ప్రెసిడెంటు. ఆడపిల్లల హాస్టల్లో సీట్లు కూడా ఆయన నోటి మాట మీదే నడిచేవి. ఆయన బట్టతల మీద విభూది రేకలూ, నోట్లో దేవుడి పేరూ ఎప్పుడూ ఉండేవి. నేనూ విభూది పెట్టుకునేదాన్నే, అందుకే ఆయన్ని చూస్తే నాకు మరీ ఒళ్ళు మండేది.

వారం తిరక్కుండా సబ్‌మెరైన్ అన్వేషణ సంఘం తయారైంది. లెటరు పేపర్లు అచ్చయ్యాయి, రబ్బరు స్టాంపు వచ్చింది. అయిదుగురు సభ్యులు, అందులో ఒక్కరికీ ఈత రాదు. ఒకాయనకి నూతిలోకి తొంగి చూస్తేనే కళ్ళు తిరిగేవి. మా ఆయన కార్యదర్శి. సమావేశాలు మా వీధరుగు మీద జరిగేవి, కాఫీలు నావి.

లోపల్నుంచి అన్నీ వినబడేవి. సముద్రం ఎంత లోతు, నీళ్ళలోకి ఎవరు దిగాలి, ఇలాంటివి మొదటి నాలుగు సమావేశాల్లో రానే లేదు. వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఫొటోలో ప్రెసిడెంటు గారు మధ్యలో నిలబడతారా కూర్చుంటారా, ఇవే. విశాఖ నుంచి ఒక పెద్ద ఆఫీసరు ముఖ్య అతిథిగా వస్తానన్నారు, కానీ ఆయనకి ఖాళీ ఉన్నది మాఘమాసంలో ఒక్క ఆదివారం. ఇంకేం, సన్మానం ఆ ఆదివారానికి ఖాయం చేసేశారు. సబ్‌మెరైన్‌ని ఇంకా ఎవరూ చూడనే లేదు, "సబ్‌మెరైన్‌ను కనుగొన్న శుభసందర్భమున" అంటూ ఆహ్వాన పత్రికలు మాత్రం పసుపు పూసుకుని ఇంటింటికీ వెళ్ళిపోయాయి.

సన్మాన పత్రం రాసింది నేను. దాచుకోను. మా నాన్నగారు నన్ను బడికి పంపకపోయినా పక్కన కూర్చోబెట్టుకుని పద్యం కట్టడం వరకూ నేర్పారు. ఆయనకి రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఆయన నేర్పిన విద్యతో, సముద్రంలో చెప్పులైనా తడుపుకోని మనిషిని "సాగర గర్భమును శోధించిన ధీరుడా" అని రాశాను. మా ఆయన రాయమన్నారు, రాశాను. ఆ పత్రంలో నీళ్ళలోకి దిగే మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. ఉండాలని నాకు తట్టలేదు కూడా.

అంత జరిగాక, దిగేవాడు కావాలి కదా అని ఒకాయనకి గుర్తొచ్చింది. సముద్రపు ఒడ్డు పల్లెలో ఒకతన్ని పట్టుకొచ్చారు. నలభై దాటిన మనిషి. కొన్నేళ్ళు విశాఖ రేవులో మునిగిన సామాను పైకి తీసే పని చేశాడట. అక్కడే ఒక చెవి పాడై, పల్లెకి తిరిగి వచ్చేశాడు. లంగరు ఇరుక్కున్నా, వల తగులుకున్నా పల్లెవాళ్ళు ఇతన్నే పిలిచేవారు. నడుముకి తాడు, చేతిలో రాయి. ఆ బరువుతో అడుక్కి దిగి, పని చూసుకుని, రాయి వదిలేసి పైకి వచ్చేవాడు.

"ఏం కావాలోయ్ నీకు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

అతను అరుగు కింద నిలబడి ఉన్నాడు. "నాకేటీ వొద్దు బాబూ. మా గుంట ఐదు పాసై ఇంటికాడే ఉన్నాది. మా పల్లెలో ఆరు నేదు. ఈ ఊరి హాస్టల్లో సీటు ఇప్పిస్తే సాలు."

"నువ్వు సబ్‌మెరైన్ చూపించు, నేను సీటు చూపిస్తాను."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

మాఘ స్నానానికని నేను ఆడపడుచు ఇంటికి వెళ్ళడం, వీళ్ళు అతన్ని సముద్రంలోకి దింపడం ఒకే రోజయ్యాయి. స్నానం చేసి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి మేమిద్దరం ఒడ్డున కూర్చున్నాం. సంఘం వారు సరుగుడు తోట నీడలో జంపఖానా పరుచుకుని ఇడ్లీ పొట్లాలు విప్పుతున్నారు. తెప్ప మీద అతనూ, తాడు పట్టే ఇంకో మనిషీ వెళ్ళారు. కాసేపటికి ఆ తెప్ప నువ్వుగింజంత అయిపోయింది.

"పెసిడెంటు గారూ, మీరు ఎళ్ళలేదేటండీ తెప్ప మీద?" అని మా ఆడపడుచు అడిగేసింది. దానికి నోరు ఆగదు.

"నాకు బీపీ అమ్మా. డాక్టరు సముద్రం వద్దన్నాడు."

"ఇడ్లీ వద్దనలేదు, నయం" అంది నాకు మాత్రమే వినబడేలా.

పొద్దు నడినెత్తికి వచ్చాక తెప్ప తిరిగి వచ్చింది. మూడుసార్లు దిగాడట. ఎనిమిది బారల లోతు. ముక్కు కింద నెత్తురు ఎండిపోయి ఉంది, పాడైన చెవిని అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు. ఇసకలో చతికిలబడ్డాడు. సంఘం వారు చుట్టూ మూగారు. ఒక్కరూ మంచినీళ్ళు ఇవ్వలేదు. నా చెంబు మా ఆడపడుచు తీసుకెళ్ళి ఇచ్చింది.

తాగి చెప్పాడు. "ఇనప పడవే బాబూ. పాతది. సబ్‌మెరైన్ కాదు."

"చీకట్లో నీకేం కనిపించిందని చెబుతున్నావు?"

"అక్కడ కన్నుతో పని నేదు. సేత్తో సూసినాను. అడుగు బల్లపరుపుగా ఉన్నాది. సబ్‌మెరైన్ గుండ్రంగా ఉంటాది. రేవులో ఉన్నప్పుడు సూసినాను కదా." గోచీ మడతలోంచి ఒక నల్లని ముక్క తీసి ఇసక మీద పెట్టాడు. "లోపలంతా ఇదే. గుట్టలు గుట్టలు."

రాక్షసి బొగ్గు. రైలు స్టేషన్లో ఇంజను పక్కన రాలిపడే బొగ్గు. నేను కూడా దూరం నుంచే పోల్చాను.

ప్రెసిడెంటు గారు ఆ ముక్కని కాలితో కదిపి చూశారు. "అయితే ఏం? సబ్‌మెరైన్లో వంట చేసుకోరా?"

చదువుకున్న నలుగురూ తల ఊపారు. మా ఆయన కూడా ఊపారు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన్ని చూసి సిగ్గుపడ్డది అదే మొదలు.

ఆదివారం పొద్దున్నే అతను మా ఇంటికి వచ్చాడు. కూతురు కూడా వచ్చింది. నూనె రాసి గట్టిగా వేసిన రెండు జడలు, చేతిలో రేకు పెట్టె. మునగమన్నారు, మునిగాడు, ఏముందో చెప్పాడు, ఇక సీటు వచ్చినట్టే అనుకున్నాడు. ప్రెసిడెంటు గారు పట్టు పంచెలో వచ్చి కూర్చుని ఆ పెట్టె చూశారు. వెంటనే అందుకున్నారు.

"సాయంత్రం మైకు ముందు రెండు ముక్కలు చెప్పు. సబ్‌మెరైన్ చూశాను, అంతే. అట్నుంచటే పిల్లని హాస్టల్లో దింపి వెళ్ళు."

అతను పిల్ల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నేను తలుపు చాటున నిలబడి, ఒప్పేసుకో నాయనా అని మనసులో అనుకున్నాను. దేవుణ్ణి కూడా అదే అడిగాను. ఆ ప్రార్థన ఆయన వినిపించుకోనందుకు ఈ రోజుకీ ఆయనకి కృతజ్ఞురాలిని.

"బాబూ, నా మాట మీద పడవలోళ్ళు వలలేస్తారు. పలానా కాడ ఇనుముందంటే ఎయ్యరు, నేదంటే ఏస్తారు. లేందాన్ని ఉన్నాదని ఒక్కపాలి అన్నానంటే, రేపు నా మాటిని వల దింపేదెవుడు?"

"పదిమంది బెస్తవాళ్ళ మాట ముఖ్యమా, ఇంత పెద్ద సభ ముఖ్యమా?"

"మరి సభ ముందే పెట్టుకున్నారు గదా బాబూ. నన్నడిగి పెట్టారేటి?"

ప్రెసిడెంటు గారు లేచి నోరు పారేసుకున్నారు. ఆ మాటలు నేను రాయను, విభూది పెట్టుకున్న మనిషి నోట రావలసినవి కావు.

అయినా సాయంత్రం అతన్ని వేదిక ఎక్కించారు. జనాన్ని చూస్తే దారికొస్తాడనుకున్నారు కాబోలు. నేను ఆడవాళ్ళ వైపు, ఆ పిల్లని పక్కన పెట్టుకుని కూర్చున్నాను. రెండు గంటలు ఉపన్యాసాలు. ఒకాయన సముద్రాన్ని భారతమాత పాదాలు కడిగే పనిమనిషిని చేసేశాడు. నా పత్రం చదివారు, చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారికి శాలువా, ఆఫీసరు గారికి శాలువా, మా ఆయనకి కూడా ఒక చిన్నది. చివర్న అతన్ని పిలిచి మైకు మెడ వంచి పెట్టారు.

"అది బొగ్గు పడవండీ" అన్నాడు. "వలలు జాగర్త." దండం పెట్టి దిగిపోయాడు.

ప్రెసిడెంటు గారు మైకు లాక్కున్నారు. నీళ్ళ ఒత్తిడికి పాపం మనిషి బుర్ర దెబ్బతింది, అతని త్యాగాన్ని మనం మరవకూడదు అన్నారు. జనం ఇంకా గట్టిగా కొట్టారు చప్పట్లు. మా ఊరి జనం గురించి నాకున్న గౌరవం ఆ చప్పట్లతో పోయింది. తిరిగి రాలేదు.

హాస్టల్లో సీట్లు నిండిపోయాయని అక్కడికక్కడే తెలిసింది. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను వచ్చి, "పోదాం నడు, బేగి, బస్సెలిపోద్ది" అన్నాడు.

"పిల్ల మా ఇంట్లో ఉంటుంది" అన్నాను. అంత గట్టిగా అంటానని నాకే తెలియదు.

మా ఆయన శాలువా సర్దుకుంటూ, "ప్రెసిడెంటు గారు ఏమనుకుంటారు?" అన్నారు.

"వారి ఇష్టం. మన అరుగు మీద కూర్చుని అనుకోవద్దని చెప్పండి. ఇకనుంచి కాఫీ ఉండదు."

ఉండలేదు. నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు ఆయన. నాకు అదొక సెలవులా ఉండింది.

నన్ను నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. మొదటి నెల ఆ పిల్లకి వసారాలోనే వడ్డించాను. మడి అనీ, అత్తగారి కాలం నాటి పద్ధతి అనీ నాకు నేనే చెప్పుకున్నాను. ఒకరోజు పూజ చేస్తుంటే, లోపల కూర్చున్న నాకంటే బయట కూర్చుని ఎక్కాలు చదువుకుంటున్న దాని గొంతే దేవుడికి దగ్గరగా వినిపిస్తోందనిపించింది. ఆ పూటే వంటింట్లో పీట వేశాను. ఊళ్ళో బడికి పంపాను, ఇంట్లో నేను చెప్పాను. అయిదేళ్ళు ఉండి పది పాసై, నర్సు పని నేర్చుకుని కొయ్యూరు వైపు ఉద్యోగానికి వెళ్ళింది.

ఈ మధ్యలో ఒకసారి విశాఖ నుంచి వీపుకి సిలిండర్లు కట్టుకునే ఈతగాళ్ళు నిజంగానే వచ్చారు. అదే చోట దిగి చూశారు. బొగ్గు మోసే పాత పడవ, యుద్ధానికీ దానికీ సంబంధం లేదు అని చెప్పి టీ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళకి చోటు తప్పు చూపించారని ప్రెసిడెంటు గారు చనిపోయేదాకా అంటూనే ఉన్నారు. ఆయన ఆత్మకి శాంతి కలగాలని కోరుకోవడం నా ధర్మం, కోరుకుంటున్నాను. అంతకంటే ఎక్కువ నావల్ల కాదు.

అతను నెలకోసారి కూతుర్ని చూడ్డానికి వచ్చేవాడు. ఎంత రమ్మన్నా గడప దాటేవాడు కాదు. మాఘమాసపు మునకతో రెండో చెవి కూడా మెల్లగా మూసుకుపోయింది. చివరికి పిల్ల తన చదువు సంగతులన్నీ చేతులు ఊపి చెప్పాల్సి వచ్చేది, అతను అన్నీ అర్థమైనట్టు తల ఊపేవాడు. వినబడని మనిషిని నీళ్ళలోకి దింపడానికి తాడు పట్టేవాళ్ళు భయపడ్డారు. ఆ పని పోయింది. కానీ ఎక్కడ వల వేయొచ్చో, ఎక్కడ వేయకూడదో మాత్రం ఒడ్డుకి వచ్చి అతన్నే అడిగేవారట. ఎనభైల్లో, పిల్ల ఉద్యోగంలో చేరిన ఏడాదికి, జ్వరం వచ్చి పోయాడు.

ఆ సన్మానం వార్త పేపర్లో వచ్చింది, అందులో అయిదుగురి పేర్లూ ఉన్నాయి. అతని పేరు లేదు. పేర్లు రాయకూడదనుకున్నాను కనుక నేనూ రాయడం లేదు. ఇది చదివినవారు మా అయిదుగురు పెద్దమనుషుల్నీ మర్చిపోండి, నన్నూ మర్చిపోండి. కూతురి సీటు ఎదురుగా కనిపిస్తున్నా, తను చేత్తో తడిమి చూసింది బొగ్గేనని చెప్పి మెట్లు దిగిపోయిన ఆ మనిషిని మాత్రం, మీరు దండం పెట్టుకునే వేళ ఒక్కసారి తలుచుకోండి.