చూసినందుకు ఫీజు

ప్రతి ఉదయం యూనివర్సిటీ బస్సు తాళం తిప్పే ముందు, స్పిరిట్ అద్దిన దూదితో కళ్లద్దాలు తుడుస్తాను. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే తార్నాకలో డాక్టర్ సుభద్ర గారి గది గుర్తొస్తుంది.

లైసెన్సు రెన్యువల్‌కు ఆ రోజుల్లో నాకు డాక్టరు సర్టిఫికెట్ కావలసి వచ్చింది. చూపు అప్పటికే మసకబారింది. కాగితం రాకపోతే ఉద్యోగం ఊడుతుంది. అందుకని ముందురోజే దగ్గు వంకతో ఆవిడ గదికి వెళ్లి, గోడకున్న అక్షరాల పట్టికను దగ్గరగా నిలబడి కంఠతా పట్టేశాను. మర్నాడు దర్జాగా కుర్చీలో కూర్చుని, "మేడం, ఈడ కూసొని చార్మినార్ మీది పావురానికి ఎన్ని ఈకలున్నయో చెప్త" అన్నాను.

"ముందు గోడ సంగతి చూడవయ్యా యాదగిరీ" అన్నారావిడ.

పైనుంచి కిందిదాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆవిడ చప్పట్లు కొట్టారు. "బ్రహ్మాండం! అది నిన్నటి పట్టిక. ఇవాళ వేరేది తగిలించాను."

బయట వరుసలో ఉన్న డ్రైవర్లు ఘొల్లుమన్నారు. ఆవిడ కళ్లజోడుకు చీటీ రాసిచ్చి, ఫీజు అడిగారు. నాకు ఒళ్లు మండింది.

"సంతకం పెట్టకుంట పైసలెట్ల అడుగుతరు మేడం? కావాల్నంటే డబుల్ ఇస్త, పెట్టుండ్రి."

"ఇది చూసినందుకు ఫీజయ్యా. అవునన్నా అంతే, కాదన్నా అంతే. అవునన్నప్పుడే తీసుకుంటే నా కలం నీ జేబులో ఉన్నట్టేగా!"

ఫీజు బల్ల మీద పడేసి, పక్క సందులో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన తలెత్తకుండానే సంతకం చేసి ముద్ర కొట్టాడు. నా మొహమే చూడలేదు, ఇక కళ్ల సంగతి చెప్పాలా?

ఆ కాగితం జేబులో పెట్టుకుని మర్నాడు బస్సు తీశాను. హాస్టల్ మలుపులో కరెంటు స్తంభం ఒకటి కనిపించింది. స్తంభం నడిచింది! బ్రేకు మీద లేచి నిలబడ్డాను. బంపరుకు బెత్తెడు దూరంలో, పుస్తకాలు గుండెకు హత్తుకుని ఒక అమ్మాయి.

"అన్నా, కనవడ్తలేనా?" అంది.



బస్సును ఇంకో డ్రైవరుకు అప్పగించి, నేరుగా సుభద్ర గారి ముందు నిలబడి ఆ కాగితాన్ని చింపేశాను. ఆవిడ తిట్టలేదు. కళ్లజోడు చేతికొచ్చాక మరో కొత్త పట్టిక ముందు కూర్చోబెట్టారు. ఈసారి నిజంగా చదివాను. సంతకం పెట్టి, చెయ్యి చాపారు.

"మళ్లా ఫీజా మేడం?"

"మళ్లీ చూశాగా!"

ఆవిడ ఇప్పుడు లేరు. నేను మాత్రం కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాక, గేటు అవతల ఆగిన ఏదో ఒక బండి నంబరు పైకి చదువుతాను. లైబ్రరీ బోర్డు చదవను. అది నాకు కంఠతా వచ్చు. ముందు సీట్లో పిల్లలు "మంత్రమా అంకుల్?" అని అడుగుతారు. అవునంటాను. తార్నాకలో ఒక దేవత నా చెవిలో చెప్పిందని కథ కూడా అల్లాను.

ఆ నంబరు మాత్రం అల్లను.