బుధవారం పసుపు మూత

సరస్సు గడ్డకట్టే నెలల్లో మా కొండవీధి ఇళ్లకు వెనక వరండాయే పెద్ద ఫ్రీజర్. కొందరు అక్కడ చేపలు దాస్తారు, కొందరు పండగ కేకులు దాస్తారు. ట్రీనా నీమి సాయంత్రాలు దాచుకునేది.

ట్రీనా అమెరికా ఉత్తరపు కొసనున్న మా డులూత్ ఊళ్లో సిటీ బస్సు నడుపుతుంది. చీకట్లో బయల్దేరి చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. ఏడేళ్ల కూతురు మారెన్ బడి వదిలాక పక్కింటి ముసలావిడ బెర్నిస్ దగ్గర ఉంటుంది. రోజంతా స్టీరింగు తిప్పిన చేతులతో ఇంటికొచ్చి, ఇప్పుడేం వండాలా అని నిలబడిపోతే ఇక బయటి పిజ్జాయే దిక్కు. అందుకే ఆదివారాలు ఆ వంటగది కిటికీలు ఆవిరితో తెల్లబడేవి. టర్కీ కోడి వేసి, సరస్సుల్లో పండే అడవి బియ్యంతో సూప్, నల్ల చిక్కుడుగింజలతో గుమ్మడి, క్యారెట్లేసిన బార్లీ. ఉప్పు తక్కువ, కూరగాయలెక్కువ. చల్లారాక డబ్బాల్లోకెత్తి వరండాలో పేర్చేది. వారం మధ్యలో ఏ రాత్రయినా ఒక డబ్బా తెచ్చి సన్నమంట మీద పెడితే చాలు. తను స్నానం చేసి వచ్చేలోగా మంచుగడ్డ కరిగి కమ్మటి వాసన వేసేది.

మూతల సంగతి మాత్రం మారెన్‌ది. సోమవారం నీలం, మంగళవారం ఆకుపచ్చ, బుధవారం పసుపు, గురువారం ఎరుపు, శుక్రవారం తెలుపు. పొద్దున లేస్తూనే బూట్లు తొడుక్కుని వరండాలోకెళ్లి, ఆ రోజు మూత మీద అరచెయ్యి ఆనించి, చల్లబడిన చేతిని చంకలో దాచుకుని పరిగెత్తుకొచ్చేది.

"ఇవాళ పసుపు. అడవి బియ్యం సూప్. తప్పకుండానా?"

"తప్పకుండా, బంగారూ."

మారెన్ నాన్న ఇనప ఖనిజం మోసే ఓడల్లో పనిచేసేవాడు. రాత్రి భోజనానికి వస్తానని ఫోన్ చేసేవాడు. పళ్లెం పెట్టి ఎదురుచూసేవాళ్లు. చాలాసార్లు ఆ పళ్లెం ఎంగిలి పడకుండానే అల్మరాలోకి తిరిగి వెళ్లేది. చివరికి అతను టెక్సస్‌లో ఉండిపోయాడు. ఆ చలికాలం మారెన్ తిండి మానేసినంత పని చేసింది. ముందుగా చెప్పని వంట ఎదురుగా పెడితే పెదవులు బిగించేది. చెప్పిందే వస్తే మాత్రం, కాసేపటికి చెంచా ఎత్తేది. మూతల రంగులు అప్పుడు మొదలయ్యాయి. ఆ వరండాలో అన్నిటికన్నా చెడిపోకూడనిది, పొద్దున ఇచ్చిన మాట.

ఆ జనవరిలో రాబోయే ఆదివారాలన్నీ ట్రీనాకు డ్యూటీ పడ్డాయి. దాంతో ఒక్క శనాదివారాల్లోనే మూడు వారాలకు సరిపడా వండేసింది. వరండా గోడ పొడుగునా రంగులే రంగులు.

బుధవారం గాలి వెచ్చగా మళ్లింది. బస్సు కొండ దిగుతుంటే చూరులన్నీ మంచు కరిగి కారుతున్నాయి. ఎక్కినవాళ్లు కోటు గుండీలు విప్పుకుంటూ, "పర్లేదు, చెడ్డగా లేదు" అన్నారు. మా ఊళ్లో దేన్నయినా అంతకు మించి మెచ్చుకోరు. ట్రీనాకు మాత్రం ఊళ్లో రాలే ప్రతి చుక్కా తన వరండాలో రాలుతున్నట్టే ఉంది.

ఇంటికొచ్చి ఒక డబ్బా మూత తీసి నొక్కి చూసింది. వేలు దిగిపోయింది. వంటలన్నీ మెత్తబడ్డాయి, ఒక్కో డబ్బా మధ్యలో మాత్రం గుప్పెడు మంచు మిగిలింది. వరండా నేలంతా నీళ్లు.

మారెన్ చెయ్యి పట్టుకుని బెర్నిస్ వచ్చింది. "ఏంటమ్మాయ్, ఈత కొలను కట్టించావా?"

"నవ్వకు, బెర్నిస్. మూడు వారాల వంట. ఫ్రిజ్‌లో ఒకటి రెండు డబ్బాలే పడతాయి. మిగతాది ఈ రాత్రే ఉడికించాలి, ఈ రాత్రే తినెయ్యాలి."

"ఇంతోటిదానికి ఏడుపెందుకు? వీధిలో నోళ్లకేం కరువు? పిలుస్తా ఉండు."

మారెన్ గోడ దగ్గరే నిలబడి ఉంది. "మరి వచ్చే బుధవారం?"

ట్రీనా పసుపు డబ్బా చేతిలోకి తీసుకుంది. "తెలీదు, మారెన్. ఇవాళ్టి పసుపు మాత్రం నీదే."

పసుపు డబ్బాయే ముందు పొయ్యెక్కింది. తర్వాత ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ ఎక్కాయి. జనం వచ్చారు. ఎదురింటి ప్లంబర్ ఆర్విన్ గుమ్మం దాటడానికే మొహమాటపడ్డాడు.

"అబ్బే, ఇప్పుడే తిన్నాను."

"కూర్చో, ఆర్విన్."

"వద్దులెండి, మీకు సరిపోవద్దూ!"

"కూర్చోవయ్యా."

"సరే, ఒక్క గరిటె."

అతని మూడో గిన్నె ఖాళీ అవుతుంటే బెర్నిస్ అంది, "ఆ గరిటె ఎంత లోతుందో ఎవరైనా కొలవండర్రా!"

నవ్వులు కిటికీల మీది ఆవిరిని కదిలించాయి. ఆ సందడి మధ్య మారెన్ తన సూప్ తను తిన్నది. ఇంకెవరు ఏం వడ్డించబోయినా గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఎరుపు డబ్బా ఒకటి, తెలుపు డబ్బా ఒకటి ఫ్రిజ్‌లోకి వెళ్లడం కళ్లారా చూశాకే పడుకోవడానికి లేచింది. మిగిలినదంతా డబ్బాల్లో పొగలు కక్కుతూ, వచ్చినవాళ్ల వెంట వీధి దాటింది. రంగులు ఇంటింటికీ చెదిరిపోయాయి.

గురువారం పొద్దున వరండాలో చెయ్యి ఆనించడానికి ఏమీ లేదు. మారెన్ ఖాళీ గోడను చూసి, ఫ్రిజ్ తెరిచి ఎరుపును తాకింది. ఏమీ అడగకుండా బడికి వెళ్లింది. రోజంతా బస్సు తోలుతున్నంతసేపూ ఆ అడగకపోవడమే ట్రీనా పక్కన కూర్చుంది.

సాయంత్రం ఎరుపు డబ్బా చేతిలోకి తీసుకోగానే తలుపు చప్పుడైంది. ఆర్విన్. చేతిలో నిన్న వీళ్లింటి నుంచి వెళ్లిన నీలం మూత డబ్బా.

"ఖాళీది తిరిగివ్వడం బాగోదని. నేనే వండాను. తిట్టుకోకండి."

"ఏముంది అందులో?" మారెన్ అడిగింది.

"దాన్ని ఏమంటారో నాకూ తెలీదు, తల్లీ."

ట్రీనా ఎరుపు డబ్బా పట్టుకుని పొయ్యి దగ్గరే ఆగిపోయింది. మారెన్ ఎరుపును చూసింది. నీలాన్ని చూసింది. అలవాటుగా నీలం మూత మీద అరచెయ్యి ఆనించి, ఉలిక్కిపడి తీసేసింది.

"వేడిగా ఉంది!"

మళ్లీ ఆనించింది. ఈసారి తియ్యలేదు.

"అమ్మా, ఎరుపు రేపు తిందామా?"

"తిందాం."

తప్పకుండానా అని అడుగుతుందేమోనని ట్రీనా చూసింది. మారెన్ రెండు చేతులా మూత లాగింది. ఆవిరి ముఖం నిండా కొట్టింది. చేప ముక్కలు, అంచులు మాడిన బంగాళాదుంపలు, మెంతాకులాంటి ఏదో ఆకు. పెదవులు బిగిశాయి. తర్వాత చెంచా దిగింది.

నమలడం అయ్యేదాకా ఆర్విన్ టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"పర్లేదు," అంది మారెన్. "చెడ్డగా లేదు."

ఆర్విన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ట్రీనా ఎరుపు డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి, అల్మరాలోంచి ఇంకో పళ్లెం తీసింది.

"కూర్చో, ఆర్విన్."

"అబ్బే, ఇప్పుడే..." అంటూ అతను కుర్చీ లాక్కున్నాడు.