అరకప్పు పంచదార

పద్మిని గారికి చేబదులు పిచ్చి. ప్లేనో ఊళ్ళో అయిదు బెడ్‌రూముల ఇల్లు, అందులో కిరాణా కొట్టంత ప్యాంట్రీ. అయినా సరే, సాయంత్రమైతే గిన్నె పట్టుకుని ఎవరో ఒకరి తలుపు కొట్టాల్సిందే. ఓరోజు అల్లం, ఓరోజు కాసింత ఇంగువ. ఆవిడ కారు వీధి మలుపు తిరిగిందంటే కరివేపాకు కుండీని గరాజ్‌లోకి జరిపేసే ఇల్లాళ్ళున్నారు. గిన్నె ఖాళీగా తిరిగివ్వరనుకోండి, పులిహోరో గోంగూర పచ్చడో పెట్టి మరీ ఇస్తారు. ఆ ఇచ్చే రోజు రావాలి, అంతే.

ఇంతటి మనిషి తమ సంస్థలో వాలంటీర్‌గా చేరుతున్నారని విని దేదీప్య గుండెల్లో రాయి పడింది. రోడ్ల మీద బతికినవాళ్ళకి ఫ్లాట్లు చూపించి, వాళ్ళు నిలదొక్కుకునేదాకా వెంట ఉండడం ఆ సంస్థ పని. దేదీప్య అందులో కేస్ మేనేజర్.

"ఆంటీ, ప్లీజ్. ఇక్కడ మనం ఇచ్చేవాళ్ళం. ఎవర్నీ ఏమీ అడక్కూడదు."

"అయ్యో రామా, ఆ మాత్రం నాకు తెలీదుటే?"

మొదటిరోజు వాల్టర్ ఇంటికి వెళ్ళారు. ఆ పెద్దాయన ఏళ్ళ తరబడి హైవే బ్రిడ్జి కింద పడుకున్నాడు. ఇప్పుడు ఫ్లాట్ ఇచ్చినా రాత్రయితే మళ్ళీ బ్రిడ్జి కిందికే. "ఇక్కడ నాతో ఎవరికీ పనిలేదు" అంటాడు. ఇలా ఖాళీగా పెడితే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఓనర్ తేల్చి చెప్పేశాడు. ఆ బెంగతో దేదీప్యకి అన్నం సయించడం లేదు.

దుప్పట్లు, గిన్నెలు, సరుకులు సర్దిపెట్టారు. వెళ్ళబోతూ పద్మిని గారు గుమ్మంలో ఆగారు.

"వాల్టర్, హాఫ్ కప్ షుగర్ ఉందా?"

దేదీప్యకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని వాల్టర్ తిరిగి చూశాడు. తర్వాత అయోమయంగానే, ఇందాక వీళ్ళు తెచ్చిన పంచదారే తన నీలం కప్పులో పోసిచ్చాడు.

"రేపు తెచ్చిస్తా. ఇంట్లోనే ఉంటారుగా?"

కార్‌లో దేదీప్య ఆగలేకపోయింది. "ఆంటీ! అది మనం ఇచ్చిన షుగరే కదా!"

"అవునే, మంచి బ్రాండే."

రేపు వచ్చింది, పద్మిని గారు రాలేదు. ఎల్లుండీ రాలేదు. వాల్టర్ ఫోన్ చేశాడు. "మీ లేడీ నా కప్పు తేలేదు. పొద్దుట్నించీ కనిపెట్టుకుని కూర్చున్నా."

"ఆంటీ, పాపం ఆయన కప్పు!"

"వెళ్తున్నానంటే వెళ్తున్నా!"

ఎప్పటికో వెళ్ళారు. కప్పుతోపాటు గిన్నెడు పులిహోర పట్టుకెళ్ళి, వస్తూ వస్తూ ఉల్లిపాయ పట్టుకొచ్చారు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న పద్ధతి కూడా ఆయనకి నేర్పారు కాబోలు, ఆ గిన్నెలో వాల్టర్ కార్న్‌బ్రెడ్ పెట్టిచ్చాడు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ అరువు. దానికి బదులు గోంగూర. ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో దేదీప్యకి బొత్తిగా అంతుపట్టలేదు.

దేదీప్యని వెంటబెట్టుకుని ఓనర్ తనిఖీకి వచ్చిన రోజు వాల్టర్ అవెన్ ముందు ఉన్నాడు.

"రాత్రుళ్ళు ఇక్కడే ఉంటున్నావా?"

"మరెక్కడ? ఆ లేడీ ఎప్పుడు దిగబడుతుందో తెలీదు. నేను లేకపోతే ఆవిడకి ఉల్లిపాయలెవరిస్తారు?"

ఓనర్ కార్న్‌బ్రెడ్ నములుతూ, ఫ్లాట్ నీదేలే అని చెప్పి వెళ్ళిపోయాడు. దేదీప్యకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కిందికి పరిగెత్తేసరికి పద్మిని గారు కారు డిక్కీ తెరుస్తున్నారు. లోపల బస్తాడు ఉల్లిపాయలు, పెద్ద సంచీ నిండా పంచదార.

"ఇన్ని పెట్టుకుని ఎందుకడిగారు ఆంటీ?"

"ఇవ్వడానికి ఎక్కడికైనా వెళ్తామే. చేబదులు అడగాలంటే మాత్రం ఇల్లున్నవాళ్ళ దగ్గరికే కదా వెళ్ళాలి?"

తను కొత్తగా ప్లేనో వచ్చి, ఎవరూ తెలియక ఏడుస్తూ కూర్చున్నప్పుడు తలుపు కొట్టి కరివేపాకు అడిగింది ఈవిడేనని దేదీప్యకి అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత్తర్వాత ఈవిడ కారు చూసి కరివేపాకు కుండీని తనూ గరాజ్‌లో దాచిన సంగతి కూడా గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది.

పైన బాల్కనీలోంచి వాల్టర్ కేకేశాడు. "లేడీ! ఈరోజేం కావాలి?"

పద్మిని గారు ధడాలున డిక్కీ మూసేశారు.

"ఉల్లిపాయలున్నాయా వాల్టర్? ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు!"