పిన్ని సీటుకి తెల్ల తువ్వాలు

డీజిలు క్రేను అంటే ఏమిటో మా పిన్ని బట్టలు ఉతికితే గానీ తెలియదు. నాకు తెలుసు, ఉతికింది నేనే కాబట్టి. పిన్ని ఓడరేవులో క్రేను డ్రైవరు. ఓడల్లోంచి దిగిన ఇనప పెట్టెల్ని ఎత్తి లారీల మీద పెట్టడం ఆవిడ పని. కింద ఇంజను పొగ కక్కుతుంటే, పైన గదిలో కూర్చుని ఆ పొగంతా మింగేది. ఇంటికొచ్చి దగ్గేది. డ్రైవర్లు సీటు వెనక తువ్వాలు కట్టుకుంటారు. ఎవరి తువ్వాలుంటే సీటు వాళ్లది. అన్నీ ముదురు రంగువే. తెల్లది కడితే మధ్యాహ్నానికల్లా మసిగుడ్డే.

కరెంటు క్రేన్లు వస్తున్నాయంటే అందరికంటే సంబరపడింది పిన్నే. తోటివాళ్లు పాత ఇంజన్ల కోసం బెంగపడుతుంటే, "పీడా పోతుంది! అంత ప్రేముంటే పట్టుకెళ్లి మంచం కింద పెట్టుకోండి" అంది.

తీరా అవి వచ్చాక సూపర్‌వైజరు పిలిచి, "కొత్తవి కుర్రాళ్లకమ్మా. మీకు గేటు దగ్గర కుర్చీ వేయిస్తాం" అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. విని నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడే లారీ నడిపే మా బాబాయి మాత్రం, "కుర్చీ, ఫ్యాను. ఇంకేం కావాలే నీకు?" అన్నాడు.

"పొగ మింగడానికైతే నేను కావాలి. గాలి బాగుపడ్డాక గేటుకి పోవాలా? నే పోను."

పోలేదు. పరీక్ష పెట్టి చూడమని ఆఫీసు గుమ్మంలో బైఠాయించింది. చివరికి వాళ్లే విసిగి ఒప్పుకున్నారు. పిన్ని తెల్ల తువ్వాలు కొని, పరీక్షకి ముందే కొత్త సీటుకి కట్టేసింది. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత బాబాయి నోటిదాకా వచ్చింది గానీ, ఆవిడ మొహం చూసి మింగేశాడు.

పరీక్ష తప్పింది. డీజిలు క్రేనుకి మీట లాగితే ఇంజను మూలిగి, అరిచి, ఆ తర్వాత గానీ పెట్టె కదలదు. అందుకని పాతవాళ్లంతా ముందుగానే, గట్టిగా లాగుతారు. కరెంటుది చెయ్యి వేస్తే చాలు, కదిలిపోతుంది. పిన్ని పాత అలవాటున లాగింది. పెట్టె ఊగి కింద ఉన్న లారీ అద్దం పగలగొట్టింది. ఆ డ్రైవరు దూకి పరుగో పరుగు.

"మీ తువ్వాలు తీసుకెళ్లండమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

"ఉండనీండి. మళ్లీ వచ్చేదాన్నేగా" అని దిగొచ్చేసింది.

ఆ రోజు నుంచి మా ఇల్లు చెరువైంది. చెంబుకి తాడు కట్టి, అంచుదాకా నీళ్లు పోసి, కర్రకి వేలాడదీసుకుని వంటింట్లోంచి వీధి గుమ్మందాకా నడిచేది. ఆగగానే చెంబు ఊగి నీళ్లు ఒలికేవి. "మెల్లిగా, మొద్దు చెయ్యీ!" అని తన చేతిని తనే తిట్టుకునేది. నేను తుడిచేదాన్ని. నేనూ తిట్టేదాన్ని, చేతిని కాదు, ఆవిణ్ణే. ఒకరోజు గుమ్మం దగ్గర ఆగితే ఒక్క చుక్క పడలేదు. మర్నాడే మళ్లీ ఆఫీసుకి వెళ్లింది.

"సరే, కింద లారీ పెట్టేవాణ్ణి మీరే తెచ్చుకోండి" అన్నాడు సూపర్‌వైజరు, ఎవరూ రారన్న ధీమాతో. ఎవరూ రాలేదు కూడా. పిల్లలు గలవాళ్లమని తప్పుకున్నారు. అప్పుడు కదిలింది బాబాయి లారీ. తెచ్చి సరిగ్గా క్రేను కింద ఆపాడు. దిగమన్నా దిగలేదు.

"ఇన్నేళ్లు ఆవిడ కోపం కింద బతికినవాణ్ణి. ఈ పెట్టె ఓ లెక్కా?" అన్నాడు.

పెట్టె లేచింది. ఊగలేదు. లారీ మీదికి ఎంత మెత్తగా దిగిందంటే, దిగిన సంగతి తెలియక బాబాయి ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడట. "బండి తియ్యవయ్యా, వెనకాల లారీలు రావాలి!" అని పిన్ని పైనుంచి మైకులో అరిస్తే ఉలిక్కిపడ్డాడు. గేటు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వారం తిరిగాక పిన్ని ఆ తువ్వాలు నా ముందు పడేసింది. బకెట్లో ముంచి పిండాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఇన్నేళ్లూ నేను గుడ్డల్లోంచి పిండిన నలుపు గుర్తొచ్చింది. ఆవిడ గుండెల్లోంచి దాన్ని పిండేవాళ్లు ఎవరు? తువ్వాలు విప్పి వెలుతురుకి పట్టి చూశాను.

"అలా చూస్తావేం, ఆరెయ్యి. రేపు మళ్లీ కట్టాలి" అంది పిన్ని, దగ్గుతూనే.