ఇంటర్వెల్ లేని జపాన్ దెయ్యం సినిమాకి టకానిని నుంచి

దెయ్యాల సినిమాలంటే నాకు భయం. అయినా పోయిన శనివారం ఒక జపాన్ దెయ్యం సినిమా కోసం మేముండే శివారు టకానిని నుంచి ఆక్లండ్ సిటీకి వెళ్ళాను. కారణం మా బాబాయి కూతురు మేఘన. పదిహేనేళ్ళది, పుట్టింది ఇక్కడే. నేను చదువుకని వచ్చి ఆర్నెల్లుగా తన గదిలోనే ఉంటున్నాను. నేను "లైట్ ఆపనా?" అనడం, తను "ఓకే" అనడం దాటి మా మధ్య ఏమీ సాగలేదు. నేనూ చొరవగా మాట్లాడే మనిషిని కాదు. తన అలమర నిండా ఒకే బొమ్మల కథ సంపుటాలు. జపాన్‌లో వాటిని మాంగా అంటారట. ఆ కథని ఇప్పుడు మనుషులతో సినిమాగా తీశారు. ఇక్కడ రెండే ఆటలు. పిన్నికి ఆ రోజు డ్యూటీ. "నువ్వు తోడు వెళ్ళమ్మా, అది నీతో కాస్త మాట్లాడుతుందేమో కూడా" అంది. ఇంటర్వెల్‌లో ఏదైనా కొనిపెట్టి మాట కలుపుదామని నేనూ గట్టిగా అనుకున్నాను.

మధ్యాహ్నం రైలెక్కాం. సిటీలో బ్రిటోమార్ట్ స్టేషన్‌కు ముప్పావు గంట పైనే పడుతుంది. నగదు కంటే కార్డుతో చార్జీ తక్కువ, కానీ దిగేటప్పుడు కూడా కార్డును మెషీన్‌కు తాకించాలి. మేఘన చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నేను తన మొదటి సంపుటం తిరగేస్తూ కూర్చున్నాను. సముద్రంలో మునిగి చనిపోయిన అన్న రోజూ భోజనం వేళకు ఇంటికొస్తాడు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఇక రాడు. అందుకని ఇంట్లోవాళ్ళు అతణ్ణి పలకరించకుండా ఎదుట గిన్నె మాత్రం పెడతారు.

స్టేషన్ నుంచి క్వీన్ స్ట్రీట్ మీదుగా థియేటర్‌కు పది నిమిషాల నడక. టికెట్టు పద్దెనిమిది డాలర్లు. సినిమా మొదలయ్యాక నాకు ఎవరు ఎవరో తెలియలేదు. పుస్తకంలో అన్న జుట్టు తెల్లగా, అతని స్నేహితుడిది ముళ్ళలా ఉంటుంది, అలాగే గుర్తుపట్టాను. తెర మీద అందరిదీ మామూలు నల్లజుట్టు. అన్న ముఖం మీద మొటిమలు కూడా ఉన్నాయి. గంట గడిచేసరికి, అందరూ భోజనానికి కూర్చుంటుండగా తెర నల్లబడింది. ఏ చప్పుడూ లేదు. ఇంటర్వెల్ అనుకుని, మోకాళ్ళు దాటుకుంటూ, "సారీ, సారీ" అంటూ బయటికొచ్చాను. లాబీలో జనం లేరు. కౌంటర్ దగ్గర అబ్బాయి చిప్స్ అందిస్తూ, "సినిమా నచ్చలేదా?" అన్నాడు.

"ఇంటర్వెల్ కదా?"

"ఇంటర్... ఏంటి?" అని నవ్వాడు. "ఇక్కడ అలాంటివి ఉండవు. పరిగెత్తు!"

తిరిగొచ్చేసరికి అన్న లేడు. గిన్నె బోర్లించి ఉంది. చెల్లెలు ఏడుస్తోంది. మేఘన నా చేతిలోని చిప్స్ వంక చూసి, "సీరియస్లీ, అక్కా? దట్ వాజ్ ద సీన్!" అంది. ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా నా వైపు తిరగలేదు. స్టేషన్ దాకా నాలుగడుగులు ముందే నడిచింది.

రైల్లో ధైర్యం చేసి అడిగాను. "మేఘనా, అన్నని పిలిచిందెవరు?"

తను ఇంగ్లీషులో మొదలుపెట్టగానే ఎదుటి సీట్లోని ఇద్దరు స్టూడెంట్లు చెవులు మూసుకుని ఇంగ్లీషులోనే అరిచారు. "వద్దు, వద్దు! మాకు రేపటి ఆటకి దొరికాయి టికెట్లు!" మేఘన ఆగింది. వాళ్ళని చూసింది, నన్ను చూసింది. తెలుగులో ఇంతకు ముందు తను నాతో ఒక్క వాక్యం కూడా మాట్లాడలేదు.

"వాళ్ళ అమ్మ... పిలిచింది."

"కావాలనా?"

"నో నో. మర్చిపోయి. అన్నం పెట్టింది. రా అంది. పేరుతో. ముందు రోజూ పిలిచేది కదా, అట్లా."

"మనింట్లో అయితే పోడు. చెల్లెలు అన్నయ్యా అంటుంది" అన్నాను.

"మరి అమ్మ?"

"నాన్నా అంటుంది. కన్నా అంటుంది."

"అయితే మన దెయ్యాలు అస్సలు పోవు, అక్కా. రోజూ వస్తాయి, తింటాయి, కూర్చుంటాయి!" అని మేఘన పెద్దగా నవ్వింది. ఎదుటివాళ్ళు బిక్కముఖాలు వేశారు. టకానిని వచ్చేసరికి కథ సగంలో ఉంది. ప్లాట్‌ఫాం మీద నిలబడే చెబుతుంటే తర్వాతి రైలు కూడా వచ్చి వెళ్ళిపోయింది.

సినిమా బాగుందో లేదో నాకిప్పటికీ తెలియదు. చివర్లో సముద్రం ఒడ్డున నిలబడ్డది అన్నా, స్నేహితుడా? మేఘన మూడు రకాలుగా చెప్పింది, మూడూ నిజమేనంది. నా అయోమయం మూడింతలైంది. అడగడానికి ఇంకా ఏదో మిగిలి ఉండటం మాత్రం బాగుంది. మీరు వెళ్ళేట్టయితే ఒక్క మాట: వారాంతాల్లో పట్టాల పని ఉంటే రైళ్ళకు బదులు బస్సులు నడుస్తాయి, ముందు రోజే చూసుకోండి. కథ తెలిసినవాళ్ళు వెంట ఉంటే బస్సయినా మంచిదే, ఇంకా ఆలస్యంగా చేరుతుంది.